సున్నాకి రాని ముల్లు

నేను ఒక గేజ్‌ని. పాఠ్యపుస్తకాల వాళ్ళు పీడనమాపకం అంటారు గానీ, ఆ పేరుతో నన్ను ఎవరూ ఎప్పుడూ పిలవలేదు, పిలిచినా పలికేదాన్ని కాదు. గుండ్రటి ఇత్తడి ముఖం, దాని మీద సున్నా నుంచి నలభై దాకా నల్లటి అంకెలు, ఇరవై ఎనిమిది దగ్గర ఒక ఎర్ర గీత, మధ్యలో ఒక ముల్లు. ఇదీ నా ఒడ్డూ పొడుగూ. ప్రస్తుతం నన్ను ఏ గొట్టానికీ తగిలించలేదు. నాలోకి ఆవిరి వచ్చే దారి లేదు. న్యాయంగా నా ముల్లు సున్నా మీద ఉండాలి. నాలుగు మీద ఉంది. బాగు చేస్తామని పనిముట్ల సంచులతో ముగ్గురు వచ్చారు, ముగ్గురూ వచ్చిన దారినే వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో చెబుతాను, వినండి.

నేను పుట్టింది ఒక ఇరుకు సందులోని వర్క్‌షాపులో. నా కడుపులో ఉన్నది ఒకే ఒక్క వస్తువు: బల్లపరుపుగా నొక్కి, కొడవలిలా వంచిన సన్నటి గొట్టం. ఆవిరి తోసుకొస్తే ఆ వంపు కాస్త విచ్చుకుంటుంది, విచ్చుకున్న మేరకు ముల్లు కదులుతుంది. తోపు తగ్గితే మళ్ళీ ముడుచుకుంటుంది. అంతే. ఇందులో తెలివితేటలేమీ లేవు. అబద్ధమాడటానికి కొంత తెలివి కావాలి కదా, అది నాకు పెట్టలేదు. నన్ను సరిచేసిన ముసలాయన కళ్ళజోడును దారంతో చెవికి కట్టుకునేవాడు. నా అంకె చూసే ముందు ప్రతిసారీ గోటితో అద్దం మీద రెండుసార్లు టక్ టక్‌మని కొట్టేవాడు. ముల్లు ఎక్కడైనా పట్టేసి ఉంటే ఆ దెబ్బకి వదులుతుంది. కునుకు తీస్తున్న గుమాస్తాను లేపినట్టన్నమాట.

అక్కడి నుంచి నేరుగా ఒక యుద్ధనౌక బాయిలరు గదిలోకి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళు అక్కడే. పైన డెక్కు మీద తెల్ల బట్టలు, బ్యాండు మేళం, సెల్యూట్లు. ఓడ నడుస్తున్నది వాటివల్లేనని చూడ్డానికి వచ్చిన జనం అనుకునేవారు. కింద మా గదిలో చమురు మండి, నీళ్ళు కాగి, ఆవిరి టర్బైను రెక్కల మీద పడి, టర్బైను ఇరుసును తిప్పి, ఇరుసు వెనకాల నీళ్ళలోని పంకాను తిప్పితే గానీ ఆ బ్యాండు మేళం రేవు దాటదు. ఈ సంగతి నాకు తెలుసు, నా ఎదురుగా చెమటలు కక్కే నలుగురికి తెలుసు. 

గంటకోసారి నా అంకెను పుస్తకంలో ఎక్కించాలి. మనుషుల సంగతి నాకు అక్కడే తెలిసింది. పై గడిలో ఇరవై ఎనిమిది ఉందా, కింది గడిలోనూ ఇరవై ఎనిమిదే, నా వైపు తల తిప్పకుండానే. కొందరు బుద్ధిమంతులు నాలుగు గంటలవీ ఒకేసారి రాసేసి టీ తాగడానికి పోయేవారు. నేను ఇరవై ఆరుకి దిగి, ముప్పైకి ఎక్కి, నానా గంతులూ వేసినా పుస్తకంలో మాత్రం చెక్కుచెదరని ఇరవై ఎనిమిది. నాకు కడుపు మండేది. బాయిలరు గదిలో కడుపు మండటం పెద్ద విశేషం కాదనుకోండి.

ఒక్కడు మాత్రం అలా కాదు. పేరు బోనెల అప్పలస్వామి, విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చిన మెకానిక్కు. నా ముందుకొచ్చి గోటితో రెండు దెబ్బలు కొట్టి, కళ్ళు చిట్లించి చూసి, అప్పుడు గానీ పెన్ను మూత తీసేవాడు కాదు. తోటివాళ్ళు వేళాకోళం చేస్తే, "సూసి రాయండ్రా. రాసేక సూడకండి" అని కసిరేవాడు. ఓడను తుక్కు కింద పంపేనాడు ఆయనే నన్ను ఊడదీసి, గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు. కాగితం మీద పై అధికారి సంతకం పెట్టించుకునే తెచ్చాడు లెండి, నేను దొంగసొత్తును కాను.

అప్పటికి ఆయన చీఫ్ మెకానిక్కు అయ్యాడు, రిటైరూ అయ్యాడు, మోకాళ్ళూ అరిగాయి. తూర్పు తీరంలో ఒక శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పడానికి కాంట్రాక్టు మీద కుదిరాడు. ఆ కేంద్రం పేరు చెప్పను. చెప్పకూడదని గేటు మీదే బోర్డు ఉంది.

అక్కడ నేర్పేది అణుశక్తితో ఓడలు నడపడం. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఇక నా పని అయిపోయిందనుకున్నాను. తీరా పాఠం వింటే నవ్వొచ్చింది. యురేనియం అణువును చీలుస్తారట. వేడి పుడుతుందట. మూసిన గొట్టాల్లోని నీళ్ళు ఆ వేడిని మోసుకొచ్చి, పక్క గొట్టాల్లోని నీళ్ళకు అంటిస్తాయట. ఆ రెండో నీళ్ళు ఆవిరవుతాయట. ఆ తర్వాత మళ్ళీ మా పాత కథే: టర్బైను, ఇరుసు, పంకా. అంటే ఇంత చదువూ చదివి, కంటికి కనపడని అణువును రెండు ముక్కలు చేసి, చివరికి చేసేది నీళ్ళు కాచడమే! బొగ్గయినా, చమురైనా, యురేనియమైనా, ఆవిరి అయ్యాక దాని బండారం బయటపెట్టేది నేనే.

అణువును చీల్చే రియాక్టరు, అంటే నిజమైన అణుకొలిమి, మా శిక్షణ హాల్లో లేదు. కంప్యూటరొకటి అణుకొలిమిలా నటించేది. ఆవిరి మాత్రం అసలుది. హాలు చివర కరెంటుతో కాగే బాయిలరు, దానికి ఒక చిన్న టర్బైను ఉండేవి. అప్పలస్వామి నన్ను ఆ బాయిలరు గొట్టానికే బిగించాడు. నాకు ఎదురుగా బల్ల, బల్ల మీద వరసగా తెరలు. పరీక్ష రోజున ఆ తెరల మీద కనిపించేది కంప్యూటరు వేసిన లెక్క, బాయిలరులో ఉన్న సంగతి కాదు. ఎవరో చక్కటి అక్షరాలతో నా కింద ఒక చీటీ అంటించారు: ‘ప్రదర్శనకు మాత్రమే.’ ఆ చీటీ అంటించిన జిగురు వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు.

అలాంటి రోజుల్లో మైలపిల్లి ఎల్లాజీ వచ్చాడు. ఇరవై ఆరేళ్ళు, పూడిమడక మత్స్యకారుల ఇంటివాడు, నౌకాదళంలో చేరి రేవులో పెద్ద ఓడల్ని లాగే టగ్గు పడవ ఇంజను దగ్గర పనిచేసి వచ్చాడు. మొదటి రోజే నా దగ్గరికొచ్చి గోటితో రెండు దెబ్బలు కొట్టాడు. అప్పలస్వామి వెనకనుంచి చూసి, "ఎవలు నేర్పేర్రా నీకిది?" అని అడిగాడు.

"ఎవలూ నేర్పనేదు చీఫ్ గోరూ. మా అయ్య బోటుకి ఆయిలు మీటరుండేది. ముల్లెప్పుడూ పచ్చ గీత మీదే ఉండేది. ఓ దినం నడి సముద్రంలో ఇంజిను బిగిసిపోనాది. మూడ్రోజులు కొట్టుకుపోనాం. ఒడ్డుకొచ్చేక సూస్తే మీటరు ఎప్పుడో సచ్చిపోనాది. పచ్చ గీత మీదే సచ్చిపోనాది."

అప్పలస్వామి ఒక కుర్చీ లాగి తన పక్కన వేశాడు. ఆ రోజు నుంచి వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. అణుకొలిమిని ఆపేసినా దాని వేడి వెంటనే చావదనే పాఠం చెబుతూ, "పొయ్యి ఆర్పేసినా కుండ కాసేపు కుతకుతలాడదేటి? ఇదీ అంతే. ఆపేసేం కదా అని నడుం వాల్చకండి" అన్నాడు. ఎల్లాజీ అది మనసులో పెట్టుకున్నాడు. ఎందుకంటే వాడికి అన్నీ మనసులో పెట్టుకోవాల్సిన అవసరం ఉంది. ఒకసారి అప్పటికే ఆఖరి పరీక్ష తప్పాడు. ఇది రెండోసారి. మూడోసారి లేదు. తప్పితే మళ్ళీ ఆ టగ్గు ఇంజను దగ్గరికే పోవాలి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండాలి.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. పైవాడు ఆదేశం ఇస్తే కిందివాడు ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా తిరిగి పలకాలి. ‘వేగం పెంచు’ అంటే ‘వేగం పెంచుతున్నాను’ అనాలి. తిరిగి పలకలేదంటే ఆదేశం వినలేదనైనా అర్థం, ఎదిరించాడనైనా అర్థం. ఏళ్ళ తరబడి నేను ఆ చిలక పలుకులు వింటూ వచ్చాను. ఎవరూ తప్పడం నేను చూడలేదు.

ఆఖరి పరీక్షకు ముందు రోజు బాయిలరుకు నీళ్ళ పరీక్ష చేశారు. లోపల నీళ్ళు నింపి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి, ఎక్కడైనా కారుతుందేమో చూడటమన్నమాట. ఆ ఒత్తిడికి తెరుచుకోకుండా పైనున్న సేఫ్టీ వాల్వుకు ఒక ఇనుప పట్టీ బిగిస్తారు, దాని నోరు కట్టేస్తారు. ఆవిరి ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు ఒకటుంది, దాని దారిలోని చిన్న కుళాయి మూసేస్తారు. నేను తట్టుకోలేనని నన్ను ఊడదీస్తారు. పరీక్ష అయ్యాక అన్నీ యథాస్థానానికి తెచ్చి, పంతొమ్మిది వరసల కాగితం మీద ఒక్కొక్కటే టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. ఆ కాగితంలో నాకు వరస లేదు, మర్నాడు పొద్దున్న నన్ను మళ్ళీ బిగించింది ఎల్లాజీయే. బిగించి, రెండు దెబ్బలు కొట్టి, ‘ఆవిరి లేదు, గేజ్ సున్నా’ అని పుస్తకంలో రాశాడు. ప్రదర్శన వస్తువుకు అంత మర్యాద చేసినవాడు ఆ బ్యాచ్‌లో వాడొక్కడే.

పరీక్ష పెట్టడానికి కమాండర్ మహాపాత్ర వచ్చారు. చెడ్డవారేమీ కాదు. తెరను నమ్మే మనిషి, అంతే. పాఠం చెప్పినవాళ్ళు హాల్లో ఉండకూడదని అప్పలస్వామిని బయట కూర్చోబెట్టారు. అక్కడ మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి, నేను మన భాషలోకి దించి చెబుతున్నాను.

పది గంటలకు మొదలైంది. ఎల్లాజీ నన్ను కొట్టి చూశాడు: ఇరవై ఎనిమిది. తెర కూడా ఇరవై ఎనిమిదే. అరగంట తర్వాత మళ్ళీ వచ్చి చూశాడు. ముప్పై. 

"సార్, గేజ్ ముప్పై చూపిస్తోంది."

"తెర?"

"ఇరవై ఎనిమిది, సార్."

"తెర చూసి నడుపు."

"తెర చూసి నడుపుతున్నాను, సార్."

నడిపాడు. కానీ మెడ నా వైపే తిరుగుతోంది. నేను ముప్పై మూడుకి ఎక్కాను. ముప్పై రెండు దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని, హాలు దద్దరిల్లేలా ఈల వెయ్యాలి. వెయ్యలేదు. దాంతో అందరికీ నా మీద అనుమానం బలపడింది. వాల్వు నోరు మెదపలేదంటే ముసలి గేజ్‌ది అబద్ధం అన్నమాట. తక్కిన పరీక్షార్థులు నవ్వుకున్నారు. నేను అరవలేను. అరవగలిగితే ఆ రోజు ఆ హాలు పైకప్పు లేచిపోయేది. నాకు చేతనైన పని ఒక్కటే, అది చేశాను. ముప్పై ఆరు చూపించాను.

"సార్, ముప్పై ఆరు. ఆపడానికి అనుమతి ఇవ్వండి."

"అది ప్రదర్శనకు పెట్టినది. తెర నిలకడగా ఉంది. కొనసాగించు."

ఎల్లాజీ తిరిగి పలకలేదు. హాలంతా వాడి నోటి వంక చూస్తోంది. రెండు మాటలు అంటే చాలు, ఏం జరిగినా తప్పు వాడి మీదికి రాదు. వాడు కుర్చీలోంచి లేచి నా దగ్గరికొచ్చి గోటితో రెండు దెబ్బలు కొట్టాడు. ముప్పై ఎనిమిది. 

"సార్, ఆపుతున్నాను" అని ఎర్ర బటను నొక్కేశాడు.

కరెంటు ఆగింది. తెరలు ఆరిపోయాయి. కమాండర్ ఏదో అరుస్తుండగానే వాడు బాయిలరు పక్కకు పరిగెత్తి ఆవిరిని బయటికి వదిలే చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. కుండ కుతకుతలాడుతుందని వాడికి గుర్తుంది. ఆపేసినా నేను ఇంకా ఎక్కుతూనే ఉన్నాను. ముప్పై తొమ్మిది, నలభై. అంకెలు అయిపోయాయి. ముల్లు చివరి మేకును కొట్టుకుని ఆగింది గానీ లోపల నా గొట్టం ఆగలేదు, విచ్చుకుంటూనే పోయింది. ఆ నొప్పి చెప్పలేను. తర్వాత నెమ్మదిగా ఆవిరి పోయింది, నేను దిగాను. ముప్పై, ఇరవై, పది. ఆవిరంతా అయిపోయాక నాలుగు దగ్గర ఆగిపోయాను.

కమాండర్ దగ్గరికొచ్చి నన్ను చూశారు. "చుక్క ఆవిరి లేకుండా నాలుగు చూపిస్తోంది. దీన్ని నమ్మి ఆదేశం లేకుండా యంత్రం ఆపావు. సముద్రం కింద ఉన్న ఓడలో ఇలా ఆపితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు, సార్. ఆపకపోతే ఏమవుతుందో కూడా తెలుసు."

 ఆయన మెత్తగానే చెప్పారు, "పొరపాటున ఆపానని రాసివ్వు. ఒప్పుకున్నావు గనక ఇంకో అవకాశం ఇమ్మని నేనే సిఫారసు చేస్తాను. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు. భోజనాలు అయ్యేలోగా ఇవ్వు."

ఎల్లాజీ అక్కడే నిలబడి పుస్తకంలో రాశాడు. ‘గేజ్ ముప్పై ఎనిమిది. ఆపాను.’ కింద సంతకం పెట్టాడు. "నేను చూసింది ఇదే, సార్. భోజనాల తర్వాత కూడా ఇదే" అన్నాడు. అక్షరాలు గుండ్రంగా పడ్డాయి. ఆ క్షణంలో వాణ్ణి చూసి నాకు పట్టరానంత గర్వం కలిగింది.

అందరూ భోజనాలకు పోయాక అప్పలస్వామి లోపలికొచ్చాడు. నన్ను రెండు దెబ్బలు కొట్టాడు. నాలుగు. మళ్ళీ కొట్టాడు. నాలుగే. పొద్దుటి పుస్తకం తెరిచి వేలితో వెతికాడు. 

"పొద్దుట సున్నా. ఇప్పుడు నాలుగు. దీని గొట్టం సాగిపోనాదిరా. నలభై దాటితే గానీ ఇలా సాగదు. నువ్వు సెప్పింది నిజవేఁ." అంతవరకూ సంతోషంగానే చెప్పాడు. తర్వాత పుస్తకం మూసేశాడు. "నలభై దాటితే మరి సేఫ్టీ వాల్వు ఎందుకు తెరుసుకోనేదు?" 

ఇద్దరూ పైకి చూశారు. బాయిలరు నెత్తి మీదికి పద్నాలుగు మెట్ల ఇనుప నిచ్చెన. ఎల్లాజీ ఎక్కి, పైన కాసేపు కనిపించకుండా పోయి, దిగొచ్చాడు.

"ఏటీ నేదు చీఫ్ గోరూ. అంతా బాగానే ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దుటి నుంచి నా కోసం బతుకు పణం పెట్టినవాడు ఇప్పుడు అబద్ధమాడుతున్నాడు! తర్వాత అర్థమైంది. పంతొమ్మిది వరసల కాగితం గోడకు వేలాడుతోంది. దాని కింద ఉన్నది బోనెల అప్పలస్వామి సంతకం.

"నా మొహం సూసి సెప్పు."

ఎల్లాజీ నేల చూశాడు.

అప్పలస్వామి చెప్పులు విడిచి నిచ్చెన పట్టుకున్నాడు. ఎల్లాజీ అడ్డం వెళితే తోసేశాడు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, రెండు చేతులతో మోకాలు పైకి లాక్కుని, మళ్ళీ ఎక్కాడు. ముందు రోజు ఈ మెట్లే ఎక్కలేదు ఆయన. పదిహేడు వరసలు కింద ఉన్నవి, వాటిని స్వయంగా చూశాడు. పైనున్నవి రెండు. పనివాళ్ళు తీసే ఉంటారులే అనుకుని టిక్కు పెట్టాడు. ముప్పై ఏళ్ళు అందరికీ చూసి రాయమని చెప్పిన మనిషి, మోకాళ్ళ కోసం ఒక్కసారి చూడకుండా రాశాడు. దిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఇనుప పట్టీ ఉంది.

"పైన సిన్న కుళాయి కూడా మూసే ఉందిరా. అందుకే కరెంటు దానంతటది ఆగనేదు. నీకెవలు నేర్పేరు అబద్దం? నాను నేర్పనేదు."

"మీ ఉద్దోగం పోద్ది చీఫ్ గోరూ."

"పోనీ. రేపు ఇంకో బేచీ కుర్ర గుంటలు దీని ముంగల నిలబడతారు. అప్పుడేటి సెప్తావు, అంతా బాగానే ఉందనా?" పట్టీని వాడి ముందు పెట్టాడు. "నువ్వు కొట్టి సూసి ఆపేవు గాబట్టి ఈ పొద్దు ఈ హాల్లో అందరూ బతికేరు. ఆ మాట నీ నోటితో నువ్వే సెరిపేత్తావేటిరా?"

ఎల్లాజీ ఏడ్చేశాడు. నాకు కళ్ళు లేవు కాబట్టి బతికిపోయాను.

కమాండర్ తిరిగొచ్చేసరికి పట్టీ ఆయన బల్ల మీద ఉంది, దాని పక్కన పంతొమ్మిది వరసల కాగితం. అప్పలస్వామి నిటారుగా నిలబడి, "సంతకం నాదండి. తప్పు నాదండి. గేజ్‌ది కాదు, గుంటడిది కాదు" అన్నాడు. అది ఇంగ్లీషులో చెప్పలేదు. కమాండర్‌కు తెలుగు రాదు, అయినా మొత్తం అర్థమైంది. ఆయన ఆ పట్టీని చేత్తో ఎత్తి బరువు చూశారు.  తర్వాత నా దగ్గరికొచ్చి, గోటితో చీటీ అంచు లేపి, ‘ప్రదర్శనకు మాత్రమే’ను మెల్లగా ఊడదీసి జేబులో పెట్టుకున్నారు.

ఎల్లాజీ పాసయ్యాడు. ఆదేశాన్ని తిరిగి పలకనందుకు రికార్డులో ఒక మందలింపు కూడా పడింది. మనుషులు అంతే, మెచ్చుకుంటూనే మొట్టికాయ వేస్తారు. అప్పలస్వామి కాంట్రాక్టు ఆ వారమే రద్దయింది. వెళ్ళేనాడు ఆయన అడిగింది ఒక్కటే, నన్ను బాగు చెయ్యొద్దని. ముల్లును పీకి సున్నా మీద నొక్కడం నిమిషం పని. కానీ అలా నొక్కితే ఆ రోజు జరగలేదని అర్థం. పనిముట్ల సంచులతో వచ్చిన ముగ్గురినీ ఆ మాట చెప్పే వెనక్కి పంపారు. 

అందుకే ఇప్పుడు తరగతి గది గుమ్మం పక్కన గోడ మీద ఉన్నాను, గొట్టం లేకుండా. ఏళ్ళ తరబడి సముద్రం కింద తిరిగొచ్చి, ఎల్లాజీ ఇప్పుడు అదే గదిలో పాఠం చెబుతున్నాడు. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, "గుమ్మం పక్క గేజ్ ఎంత చూపిస్తోందో రాయండి" అంటాడు. గొట్టమే లేదు కదా, ఇంకెంత ఉంటుంది? పెద్ద చదువులు చదివి వచ్చినవాళ్ళు కూర్చున్న చోటి నుంచే సున్నా అని రాసి ఇచ్చేస్తారు. వాడు తిట్టడు. కాగితాలు తిరిగి ఇచ్చేసి, మళ్ళీ రాయమంటాడు. ఆదివారం విజయనగరం వెళ్ళినప్పుడు అప్పలస్వామి అడిగేది కూడా అదేనట: "ఈసారి ఎంతమంది సూసి రాసేరు?"

పోయిన బ్యాచ్‌లో ముప్పై ఒక్క మందికి ఇరవై తొమ్మిది సున్నాలు వచ్చాయి. మిగిలిన ఇద్దరు లేచి నా వైపు వచ్చారు. మొదటివాడు దూరం నుంచే చూసి, నాలుగు అని రాసి వెళ్ళాడు. రెండోవాడు గోటితో టక్ టక్‌మని కొట్టి, ముల్లు కదలకపోతే మళ్ళీ కొట్టి, నాలుగు అని రాసి, దాని కింద ‘ఎందుకు?’ అని రాశాడు. సున్నా రాసినవాళ్ళ కోసం నేను మారను. ఎంతమంది రాసినా, ఎంత పెద్దవాళ్ళు రాసినా, ఈ గోడ మీద ఉన్నంతకాలం నేను నాలుగే.